కండ పగడాల ఇంట్లో దొర

పెళ్ళయిన నాలుగో రోజు డ్రైవరమ్మ కాపురానికి వచ్చింది. రెండు పెట్టెలు, ఒక పడకకుర్చీ, మూత పెట్టిన బకెట్టు ఒకటి. పెట్టెల్నీ కుర్చీనీ ట్యాక్సీ వెనక పడేయించింది కానీ బకెట్టును మాత్రం ఒళ్ళో పెట్టుకుని, మలుపు వచ్చినప్పుడల్లా "నెమ్మది బాబూ, నెమ్మది. నేనూ బండి నడిపేదాన్నే" అంటూ ట్యాక్సీ అతన్ని హడలగొట్టింది. ఇరవై ఆరేళ్ళుగా సిటీ బస్సు నడుపుతున్న మనిషి. ఆమె గొంతు పెంచితే వెనక సీట్లో నిద్రపోతున్నవాళ్ళు కూడా లేచి టికెట్టు చూపిస్తారు.

బకెట్టులో ఉన్నది దొర.

దొర అంటే చేప. బొటనవేలి కంటే కాస్త పెద్ద. ఒళ్ళంతా ముదురు నీలం, పొట్ట దగ్గర నిప్పుకణిక లాంటి నారింజ రంగు. ఏంజెల్ జాతి. రాళ్ళ మధ్య తిరిగే ఆ ఠీవి చూసి ఆమె పెట్టుకున్న పేరు అది. భర్త పోయాక, కూతురు ఉద్యోగానికి వేరే ఊరు వెళ్ళాక, ఏడేళ్ళుగా పాత ఇంట్లో ఆమెతో పాటు ఊపిరి తీసిన ప్రాణి అదొక్కటే. డ్యూటీ దిగి తాళం తీయగానే "దొరగారు భోంచేశారా?" అనేది. దొర అద్దం దగ్గరికి వచ్చి ఆవురావురుమన్నట్టు నోరు తెరిచేవాడు.

పెళ్ళికొడుకు కళ్ళజోళ్ళ షాపాయన. యాభై ఆరేళ్ళు వచ్చేదాకా ఒంటరిగానే ఉన్నాడు. మూడేళ్ళ కిందట డ్రైవర్ల కంటి పరీక్ష కోసం ఆమె ఆయన షాపుకు వెళ్ళింది. బోర్డు మీద అక్షరాలు చదవమంటే ఆమె బోర్డు పక్కనున్న ఫొటో వైపు చూసి, "ఇది పగడం కదండీ? ఇసక మీద పెట్టారా, రాతి మీదా?" అని అడిగింది. ఆ ప్రశ్నకు ఆయన జవాబు చెప్పడం మొదలుపెట్టాడు. ఆ జవాబు రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలతో ముగిసింది.

ఫొటోలో ఉన్నది ఆయన హాల్లో ఉన్న ఉప్పునీటి తొట్టెలోది. నాలుగడుగుల తొట్టె. అందులో మూడు కండ పగడాలు. చూసేవాళ్ళు వాటిని పువ్వులనుకుంటారు కానీ అవి జంతువులు. అడుగున రాయి లాంటి ఎముక, దాని మీద మెత్తటి కండ. పగలంతా నీళ్ళు నింపుకుని పరుపులా ఉబ్బి ఉంటాయి. లైటు తగ్గే వేళకు అంచుల్లోంచి సన్నటి చేతులు చాచి తిండి కోసం తడుముకుంటాయి. నడిమధ్యన నోరు. మూడింట్లో పెద్దదాన్ని ఆయన నిమ్మకాయంత ఉన్నప్పుడు తెచ్చాడు. తొమ్మిదేళ్ళలో అది భోజనం పళ్ళెమంత అయింది. ఎర్రటి ఒళ్ళు, ఆకుపచ్చ అంచు. దాన్ని "పెద్దామె" అనేవాడు. మేడ మీద వాటాలో ఉండే ఆయన అక్క మాత్రం, "నీ పెద్దామె సంగతి సరే, నీ ఇంట్లో పెద్దదాన్ని నేనొకదాన్ని ఉన్నాను, గుర్తుందా?" అని దెప్పుతూ ఉండేది.

డ్రైవరమ్మ తొట్టె పాతది, మూల అతుకు దగ్గర చెమ్మ పట్టింది. తేవడానికి లేదు. పైగా ఈ హాల్లో రెండో తొట్టెకు చోటు లేదు. కాబట్టి దొర, పెద్దామె ఉన్న తొట్టెలోకే రావాలి.

ఏంజెల్ చేపలు కండ పగడాల్ని కొరుకుతాయని ఆయనకు తెలుసు. అన్నీ కొరకవు, కొన్ని కొరుకుతాయి. ఏది ఏ రకమో తొట్టెలో వేశాక గానీ తెలియదు. అయినా ఆమె బకెట్టు మూత తీసి ఆయన మొహం వంక చూసినప్పుడు, "ఏం పర్లేదండీ, చోటు బోలెడుంది" అన్నాడు.

రెండు గంటల సేపు సన్నటి గొట్టంతో బకెట్టులోకి బొట్టు బొట్టుగా తొట్టె నీళ్ళు వదిలి, దొరను కొత్త నీటికి అలవాటు చేశారు. అక్క కిందకి దిగి వచ్చి చూసింది. "అల్లుణ్ణి కూడా ఇంత జాగ్రత్తగా ఇంట్లోకి తీసుకురారు కదే మరదలా!" అంది. దొర తొట్టెలో దిగీ దిగగానే రాళ్ళ మధ్య ఒక సొరంగం చూసుకుని, అందులోంచి తల మాత్రం బయటపెట్టాడు. ముగ్గురూ నవ్వుకున్నారు.

రెండు వారాలు బాగానే గడిచాయి. మూడో వారంలో ఒక పొద్దున, షాపుకు వెళ్ళబోతూ తొట్టె ముందు ఆగిన ఆయనకు పెద్దామె అంచు ముడుచుకుని కనిపించింది. గాజు చెక్కేటప్పుడు వాడే భూతద్దం తెచ్చి చూశాడు. కండ ఒక చోట జారిపోయి, తెల్లటి ఎముక మొన పిల్లాడి పాలపన్నులా బయటికి వచ్చింది. వంటింట్లోంచి "ఏమైనా అయిందా అండీ?" అని ఆమె అడిగితే, "ఏం లేదండీ, అద్దం తుడుస్తున్నా" అన్నాడు.

అదే మచ్చను ఆమె అంతకుముందు రోజే చూసింది. చూసి, ఏమీ ఎరగనట్టు టీ కలుపుకోవడానికి వెళ్ళిపోయింది.

ఆ వారమంతా ఆ ఇంట్లో మర్యాద ఎక్కువైపోయింది. "మీరు ముందు కూర్చోండి" అంటే "అయ్యో, మీరే కూర్చోండి" అనుకునేవాళ్ళు. ఇద్దరూ తొట్టె వైపు వీపు పెట్టి తినేవాళ్ళు. దొర ఊసు ఆయన ఎత్తడు, పెద్దామె ఊసు ఆమె ఎత్తదు. అక్క రెండు రోజులు చూసి మూడో రోజు, "ఏమిటర్రా ఇది? కాపురమా, బ్యాంకులో కౌంటరా?" అని అడిగి మెట్లెక్కి వెళ్ళిపోయింది.

గురువారం మధ్యాహ్నం ఆయన షాపు తలుపుకు 'భోజన విరామం' అట్ట తగిలించాడు. ముప్ఫై ఏళ్ళలో ఎన్నడూ ఆ వేళ ఇంటికి వెళ్ళినవాడు కాదు. పిల్లిలా తాళం తీసి, చెప్పులు చేత్తో పట్టుకుని హాల్లోకి వచ్చి, బల్ల వెనక కుర్చీ చాటున వంగి కూర్చున్నాడు. మనిషి కనిపిస్తే చేపలు తిండి కోసం ముందుకొచ్చేస్తాయి. అందుకని దాక్కోవాలి.

రెండు నిమిషాలయ్యాక కిటికీ తెర కదిలింది. తెర వెనక నుంచి తుమ్ము వినిపించింది.

యూనిఫాం మీదే ఉన్న డ్రైవరమ్మ తెర తప్పించుకుని బయటికి వచ్చింది. చెప్పులు చేత్తో పట్టుకుని ఆయన లేచి నిలబడ్డాడు. ఇద్దరూ తేలు కుట్టిన దొంగల్లా ఒకరినొకరు చూసుకున్నారు.

"మీరు డ్యూటీలో లేరా?"

"మధ్యాహ్నం రెండు గంటలు ఖాళీ ఇస్తారు. మీరు షాపులో లేరా?"

అంతలో దొర సొరంగంలోంచి బయటికి వచ్చాడు. ఠీవిగా ఒక చుట్టు తిరిగి, పెద్దామె పక్కకు వెళ్ళి, టక్కున ఒక పోటు పొడిచి వెళ్ళిపోయాడు. పెద్దామె ఒళ్ళు ముడుచుకుంది.

"చూశారు కదా" అందామె.

"ఏం చూడలేదండీ. వెలుతురు పడి..."

"పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఊళ్ళోవాళ్ళ చూపు సరిచేస్తావు, ఎదురుగా ఉన్నది కనపడలేదా నీకు?"

ఆయన మెల్లగా, "'నువ్వు' అన్నారు" అన్నాడు.

"అన్నాను. నువ్వు కూడా అను. తిట్టాలంటే మీరు, అండీ అంటూ ఎలా తిడతావు?"

"తిట్టాల్సింది నన్ను. ఈ జాతి కొరుకుతుందని నాకు ముందే తెలుసు."

"తెలిసి దొరని ఎందుకు రానిచ్చావు?"

"వద్దంటే నువ్వు రావేమోనని."

ఆమె కుర్చీలో కూలబడింది. బస్సు తాళంచెవుల గొలుసు చేతిలో తిప్పింది. తర్వాత అంది: "నాకూ తెలుసు. అడిగితే నువ్వు వద్దంటావని అడగలేదు."

ఆ సాయంత్రమే ఆమె చేపల షాపతనికి ఫోన్ చేసింది. దొరను తీసుకుంటానన్నాడు, మంచి తొట్టె ఉన్న కస్టమరు ఒకరున్నారన్నాడు. వద్దని ఆయన ఎంత చెప్పినా ఆమె వినలేదు. "తొమ్మిదేళ్ళు పెంచావు. నా చేప నా కళ్ళముందే దాన్ని తింటుంటే ఈ ఇంట్లో నాకు ముద్ద దిగదు" అంది. షాపతను పట్టుకోవడానికి ఒక ప్లాస్టిక్ పెట్టె ఇచ్చాడు. లోపల తిండి పెట్టి, చేప దూరగానే దారం వదిలితే తలుపు పడుతుంది. పెద్దామె మీద ఆయన చిల్లుల బుట్ట ఒకటి బోర్లించాడు, దొర నోరు అందకుండా.

మూడు రోజులు ఆమె దారం పట్టుకుని కూర్చుంది. దొర పెట్టె చుట్టూ తిరిగి, పక్కింటివాళ్ళ గేటు ముందు నుంచి వెళ్ళినట్టు వెళ్ళిపోయాడు. ప్రతిసారీ దూరింది మాత్రం మీసాల మామ. ఎర్ర ఒంటి మీద తెల్ల చార, బారెడు మీసాలు ఉన్న రొయ్య అది, ఆయన ఎప్పటినుంచో పెంచుతున్నది. చేపల ఒంటి మీది మురికి ఏరి తింటుందని తెచ్చాడు. అది లోపలికి వెళ్ళి, తిండంతా రెండు చేతులా మూటగట్టుకుని, దర్జాగా బయటికి వచ్చేసేది.

ఆ మూడో రోజే చిన్న పగడాల్లో ఒకటి పోయింది. బుట్ట ఒక్కటే ఉండటంతో దాన్ని కప్పలేదు. పొద్దున చూసేసరికి కండ జిగురులా విడిపోయి నీళ్ళలో ఊగుతోంది. మిగతావాటికి ఆ కుళ్ళు అంటకుండా ఆయన దాన్ని చేత్తో ఎత్తి బయటికి తీశాడు. ఎముక మిగిలింది. పంపు కింద కడుగుతూ నిలబడ్డాడు, కడగాల్సినదానికంటే చాలాసేపు.

ఆమె వెనక నుంచి వచ్చి పంపు కట్టేసింది. ఆయన తడిచేతులతోనే ఆమె చెయ్యి పట్టుకుని, "నువ్వు వచ్చినందుకు పోలేదు. నేను చూసుకోక పోయింది" అన్నాడు. ఆమె ఆయన భుజం మీద తల ఆనించి ఏడ్చింది. ఆ రోజు డ్యూటీకి పది నిమిషాలు ఆలస్యంగా వెళ్ళింది, సర్వీసులో అది రెండోసారి.

ఆదివారం ఆమె దారం పక్కన పడేసింది. "మూడు రోజులుగా ఆ మీసాలవాణ్ణే చూస్తున్నాను. తెల్లారి లేస్తే వాడికి దోపిడీయే పని. మనం దొర మీదే కళ్ళలో వత్తులేసుకుని కూర్చున్నాం. ఇవాళ అందర్నీ చూద్దాం" అంది. తన పడకకుర్చీ తొట్టెకు దూరంగా వేయించి, డిపోలో ట్రిప్పులు రాసే కాగితం లాంటిది గీసుకుంది. ఎన్నింటికి, ఎవరు, ఎక్కడ, ఎంతసేపు. పెద్దామె మీది బుట్ట తీయించింది. అక్క కూడా కిందకి దిగి, "నాకూ ఒక కాగితం ఇవ్వు" అని అడిగి సోఫాలో బైఠాయించింది.

పొద్దుటినుంచి దొర రాళ్ళ మీద పాచి గీక్కుంటూ తిరిగాడు. పెద్దామె జోలికి పోలేదు. పన్నెండింటికి పాచి అయిపోయింది. ఒంటిగంటన్నరకు మొదటి పోటు. రెండున్నరకు రెండు. నాలుగింటికి ఊరికే చుట్టూ తిరుగుడు.

ఆరింటికి ఆయన ఎప్పటిలాగే చేపలకు మేత వేశాడు. తర్వాత పొడుగాటి గొట్టంతో సన్నరొయ్యల ముక్కలు పెద్దామె నోటి దగ్గర పెట్టి, చేతులు తుడుచుకోవడానికి వంటింట్లోకి వెళ్ళాడు. తొమ్మిదేళ్ళుగా అలాగే వెళ్తున్నాడు.

"ఒరేయ్, పరిగెత్తుకు రా!" అని అక్క కేక పెట్టింది.

మీసాల మామ పెద్దామె మీదికెక్కి కూర్చుంది. పెద్దామె తన చేతులతో చుట్టుకుని మెల్లగా మింగుతున్న ముక్కల్ని నోట్లో చెయ్యి పెట్టి మరీ లాగేస్తోంది. లాగినప్పుడల్లా కండ చిరుగుతోంది. చిరిగిన చోట అంటుకున్న తునకల్ని దొర వచ్చి పొడుచుకు తింటున్నాడు.

ఆయన తుడుపుగుడ్డ పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. "ఏడాదిగా ఇది పెరగటం లేదు. వయసైపోయిందనుకున్నాను" అన్నాడు.

"తినేది దాని కడుపులోకి పోతే కదా పెరగడానికి" అంది డ్రైవరమ్మ. కాగితం మీద వేలు పెట్టి చూస్తూ అడిగింది: "నువ్వు చేపలకి రోజుకి ఎన్నిసార్లు పెడతావు?"

"ఒకసారి, సాయంత్రం. ఎక్కువ పెడితే నీళ్ళు పాడవుతాయి."

"నేను దొరకి మూడుసార్లు పెట్టేదాన్ని. కొంచెం కొంచెం."

"మరి చెప్పలేదేం?"

"మీ ఇంటి పద్ధతి ఇదేమో అనుకున్నాను. వచ్చీ రాగానే నా పద్ధతులు చెప్తే బాగుంటుందా?" కాస్త ఆగి, నేల చూపులు చూస్తూ, "ఆ మాటకొస్తే ఈ ఇంట్లో నాకూ డ్యూటీ దిగి రాగానే ఆకలేస్తోంది. నువ్వు రాత్రి దాకా ఏమీ ముట్టవు. నేనొక్కదాన్నే ఎలా తినను?" అంది.

అక్క పగలబడి నవ్వింది. "వీడు చిన్నప్పటినుంచీ అంతే. పస్తులుంటాడు, పక్కవాళ్ళనీ పస్తులుంచుతాడు. రావే, పైకి రా, నా దగ్గర బిస్కెట్లున్నాయి."

ఆయన మొహం ఎర్రబడింది. నవ్వు రాలేదు కానీ, వంటింట్లోకి వెళ్ళి ఆమెకు టీ పెట్టుకొచ్చాడు. రొట్టె ముక్కలు కూడా కాల్చాడు, కాస్త మాడ్చాడు. ఆమె అన్నీ తింది.

మర్నాటినుంచి ఇంటి వేళలు మారాయి. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం చిటికెడు చిటికెడు మేత. మధ్యాహ్నపు ఖాళీలో ఆ పని ఆమెది. అద్దానికి ఒక క్లిప్పు పెట్టి, దానికి ఎండబెట్టిన సముద్రపు పాచి రేకు తగిలించారు, దొరకు ఎప్పుడు బుద్ధి పుడితే అప్పుడు కొరుక్కోవడానికి. కండ పగడాలకు తిండి, లైటు తగ్గాక, చేపల కడుపులు నిండాక. ఖాళీ నీళ్ళ సీసా పై సగం కోసి, పగడానికి గీసుకోకుండా అంచు అరగదీసి, పెద్దామె మీద గొడుగులా బోర్లించి, సీసా మూతిలోంచి గొట్టం దింపి తిండి పెట్టారు. అరగంట దాకా తీయకూడదు. మొదటిరోజు మీసాల మామ సీసా మీదికెక్కి, లోపల కనిపిస్తూ అందని భోజనాన్ని చూస్తూ మీసాలన్నీ ఆడించింది. "పాపంరా" అంది అక్క.

ఆయన భయపడ్డట్టే మేత పెరిగేసరికి నెల తిరక్కుండా ఇసక మీద గోధుమరంగు పొర పేరుకుంది. ఆయన తల పట్టుకున్నాడు. ఆమె చేతులు పైకి మడిచింది. నెలకు రెండుసార్లు మార్చే నీళ్ళను వారం వారం మార్చడం మొదలుపెట్టారు. ఉప్పు కలపడం, కొలవడం ఆయన పని. బకెట్లు మోయడం ఆమెది. "పవర్ స్టీరింగ్ లేని బస్సు తిప్పిన చేతులివి, నువ్వు తప్పుకో" అనేది. పొర తగ్గింది, మళ్ళీ వచ్చింది, మేత ఒక చిటికెడు తగ్గిస్తే నిలకడకు వచ్చింది.

పెద్దామె వెంటనే కోలుకోలేదు. మూడు వారాలు అలాగే ముడుచుకుని ఉంది. నాలుగో వారంలో ఎముక మొన అడుగున సన్నటి ఎర్ర గీత కనిపించింది. భూతద్దంతో చూసి ఆయన ఆమెను పిలిచాడు. ఆమె చూసి అక్కను పిలిచింది. ఆ గీత రోజుకు ఇసక రేణువంత పైకి పాకింది. రెండు నెలలకు ఎముక మీద కండ కప్పుకుంది. ఒక మూల మాత్రం మళ్ళీ నిండలేదు, అక్కడ అంచు కాస్త నొక్కుకుపోయినట్టు ఉండిపోయింది. దొర మారిపోయాడనీ చెప్పలేం. అప్పుడప్పుడు అటుగా వెళ్తూ ఒక పోటు వేసేవాడు. కడుపు నిండినవాడు గనక ఒక్కదానితో ఆగేవాడు. చేపల షాపతను పెట్టె వాపసు అడిగితే ఆయనే వెళ్ళి ఇచ్చి వచ్చాడు. ఆ కస్టమరుకు వేరే చేపను చూడమని చెప్పాడు.

నాలుగో నెలలో ఆమెకు డిపోవాళ్ళు వారం సెలవిచ్చారు. పెళ్ళయ్యాక ఇద్దరూ కలిసి ఎక్కడికీ వెళ్ళలేదు. కొండల మీద చలి ఊరు ఒకటి ఉంది, నాలుగు రోజులు వెళ్ళొద్దామంది. తొట్టెను ఎవరు చూస్తారని ఆయన నసిగాడు.

"నేను లేనూ?" అంది అక్క. ఉప్పునీళ్ళ పిచ్చి అని తొమ్మిదేళ్ళు వెక్కిరించిన మనిషి.

డ్రైవరమ్మ పెద్ద అక్షరాలతో వేళలన్నీ రాసి తొట్టె పక్కన అంటించింది. అక్క కళ్ళజోడు తుడుచుకుని రెండుసార్లు చదివి, "మీరు బయల్దేరండి, నాకు పనుంది" అని వాళ్ళను గుమ్మం దాటించింది.

రెండో రోజు సాయంత్రం చలికి శాలువా కప్పుకుని ఇద్దరూ బస వరండాలో కూర్చున్నారు. బస్సులో ఆమె ప్రయాణికురాలిగా కూర్చుని డ్రైవరు వేసిన ప్రతి బ్రేకుకూ వంక పెట్టిన విషయం చెప్పి ఆయన ఏడిపిస్తున్నాడు. అంతలో ఫోన్ మోగింది. స్పీకర్ పెట్టాడు.

"ఒరేయ్, నేను. అన్నీ బాగానే ఉన్నాయి, కంగారు పడకు. మీ దొర నా వేలు కరిచాడు."

"అయ్యో వదినా, రక్తం వచ్చిందా?"

"వాడి మొహం, వాడికంత సీనుందా! గిలిగింత పెట్టినట్టుంది, అంతే. మూడు పూటలా పెట్టాను. సీసా కూడా బోర్లించాను. ఆ రొయ్యవెధవని స్పూనుతో తోసేశాను."

"అరగంట ఉంచావా అక్కా?"

"గంట ఉంచాను. దాని పక్కనే కూర్చున్నానులే. పైకి పోయి మాత్రం నేనేం చేయాలి?" అవతల కుర్చీ జరిపిన చప్పుడయింది. అక్క గొంతు తగ్గింది. "ఒరేయ్, అది అన్ని చేతులూ చాచి, ఒక్కొక్క ముక్కా లోపలికి తీసుకుంటుంటే... చంటిపిల్ల తిన్నట్టే ఉందిరా. ఇన్నాళ్ళూ నాకెందుకు చూపించలేదు?"

"నువ్వు పైన ఉంటావు కదా అక్కా."

"పిలిస్తే దిగనా?" అంది అక్క. "సరే, పెట్టేస్తున్నా. ఇంకా చిన్నదానికి పెట్టాలి."